వ్యాపారి వదిలేసిన పుచ్చకాయలు

మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు సోమశిల దగ్గరే ఉన్నా మెట్ట చేలకు బోరే దిక్కు. అందుకే గ్రూపు లోనుతో డ్రిప్పు, మల్చింగ్ షీటు వేసి, సంక్రాంతి ముందర పుచ్చ గింజ పెట్టాం. 80 రోజులకు కాయ చేతికొచ్చింది.

వ్యాపారి పెద్దవి ఏరుకుని చిన్నవి, వంకరవి చేలోనే వదిలేశాడు. కిస్తీ చూస్తే దగ్గర పడింది. కొన్ని ముక్కలు కోసి బస్టాండు దగ్గర అమ్మాం. పచ్చ చెక్కు తీసి తెల్లకండ పప్పులో వేస్తే ఇంట్లోవాళ్లు సొరకాయే అనుకున్నారు! గింజలు కడిగి, ఎండబెట్టి వేయించాం. ఒలిస్తే పుచ్చపప్పే, ఓపిక ఉండాలి గానీ. తొక్కలు బర్రెలు తిన్నాయి.

కాయలో నూటికి 90 పాళ్లు నీళ్లే, ఎండన పడి వచ్చినప్పుడు మంచిది. అయితే వడదెబ్బకు మనిషి సోలిపోతే పుచ్చకాయ పెడుతూ కూర్చోకండి, ఆస్పత్రికి తీసుకుపోండి. షుగరున్నవాళ్లు కొద్దిగానే తినాలి. కిడ్నీ జబ్బుంటే డాక్టరును అడగాలి.

కిస్తీ దీంతోనే తీరలేదు, కొంత పొదుపులోంచి తీశాం. ఈసారి అందరం ఒక్కసారే గింజ పెట్టం, పదిహేను రోజుల తేడాతో పెడతాం. తొడిమ దగ్గర నులితీగ ఎండి, నేలకానిన మచ్చ పసుపు తిరిగాకే కోస్తాం.