మంచము చెంత గడచిన దినములు

ప్రొద్దుటూరు అంగడివీధిలో ఏ దుకాణమునకు పోయినను చిట్టా పుస్తకమొకటి కనబడును. జమ్మలమడుగు శనగరైతునకు విత్తనమునకెంత, కూలికెంత అనునది నోటిలెక్క. పులివెందుల చీనీతోట యజమాని ఏ యేట కాయ ఏ ధర పలికినదో తడువుకొనక చెప్పగలడు. ఇంత లెక్క తెలిసిన సీమలో ఒక్క శ్రమ మాత్రము ఏ పుస్తకమునకును ఎక్కుట లేదు. అది అవసానదశలోనున్న పెద్దలకు ఇంటివారు చేయు సేవ.

ఆ సేవ యెట్టిదో శ్రోతలలో అనేకులకు అనుభవమే. రోగిని వేళకు ప్రక్క మార్చవలెను. లేనిచో వీపున పుండ్లు పడును. గంజి చెంచాతో పోయవలెను. బట్టలు మార్చవలెను. రాత్రి మూలుగు వినబడినంతనే లేవవలెను. దీనికి సెలవుదినము లేదు. చేయునది తరచుగా భార్యయో, కూతురో, కోడలో. 2024లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారము, 15 మొదలు 59 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 41 మంది ఇంటివారి సంరక్షణలో పాల్గొనుచున్నారు. పురుషులలో 21 మంది. పాల్గొనిన స్త్రీ దినమునకు 140 నిమిషములు, పురుషుడు 74 నిమిషములు వెచ్చించుచున్నారు. పసిబిడ్డల పోషణయు ఇందు చేరియున్నది.

ఈ శ్రమకు వెల కట్టు మార్గములు రెండు. ఆ పనికి వేరొకరిని నియమించినచో ఎంత ఈయవలసివచ్చునని చూచుట మొదటిది. సేవ చేయువారు ఎంత సంపాదన వదలుకొనిరని చూచుట రెండవది. 2025-26లో మన రాష్ట్రమున ఉపాధి హామీ పనికి నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. ఒక కోడలు మామగారి మంచము విడువలేక 180 దినములు కూలికి పోలేదనుకొందము. ఆ ధరన ఆమె కోల్పోయినది 55,260 రూపాయలు. మేలుకొన్న రాత్రులు ఇందు చేరలేదు.

కర్మలు ముగిసిన పిదప అన్నదమ్ములు కూర్చుండి ఆసుపత్రికింత, కారు బాడుగకింత అని పంచుకొందురు. ఆ 55,260 రూపాయలు ఎవరి వాటాలోనికిని రావు. పట్టణమునుండి పైకము పంపిన కొడుకు ఖర్చు పెట్టినవాడగును. ఇంటనుండి చేసిన కోడలు ఏమియు పెట్టనిదగును.

2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారపు కేసులో తీర్పు చెప్పినది. గృహిణి పనికి ఆర్థికమైన విలువ లేదను భావము సరికాదని అందు జస్టిస్ ఎన్. వి. రమణ వ్రాసిరి. మరణించిన గృహిణి పనికి న్యాయస్థానము విలువ కట్టుచున్నది. బ్రతికి చేయుచున్న యామె పనికి ఇల్లు విలువ కట్టవలదా?

మన రాష్ట్రప్రభుత్వము 2024 జూలై మొదలు, పూర్తిగా మంచమునకు పరిమితమైన వికలాంగులకు నెలకు 15,000 రూపాయల పింఛను నిర్ణయించినది. అది రోగి పేరిటిది. కేరళ ప్రభుత్వము ఆశ్వాసకిరణం అను పథకమున, మంచము పట్టినవారిని చూచుకొనువారి కొరకే నెలకు 600 రూపాయలు నిర్ణయించినది. మొత్తము స్వల్పమే; కాని ఈమెయు పనిచేయుచున్నదను గుర్తింపు అందు కలదు.

కన్నవారి సేవకు కూలి లెక్కయా యని కొందరు నొచ్చుకొనవచ్చును. లెక్క వ్రాయుట కూలి అడుగుట కాదు. ప్రేమతో పెట్టిన అన్నమునకును బియ్యపు ఖరీదు ఉండనే యున్నది.

కావున మందుల ఖర్చు వ్రాయు పుస్తకముననే మరియొక వరుస గీయుడు. ఎవరు ఎన్ని దినములు పని మానిరో, ఎన్ని రాత్రులు మేలుకొనిరో అందు వ్రాయుడు. దూరముననున్న కొడుకు పది దినములు వచ్చి ఆ మంచము చెంత కూర్చుండవచ్చును. రాలేనిచో ఆమె కోల్పోయిన కూలిలో తన వంతు పంపవచ్చును. అవ్వ సేవకని ఆడపిల్లను బడి మాన్పింపబోవునప్పుడు ఆ వరుసను ఒకసారి చూడవలెను. ఒక్కరి నడుముపై పడిన బరువు నలుగురి చేతులకు మారుటకు ఆ వరుసయే మొదటి సాధనము.