అంగడికి పేరు ఎట్లా వస్తుంది?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



వ్యాపారం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. మదనపల్లెలో కుట్టుమిషను ముందు కూర్చుని సంసారం ఈదినవాణ్ణి. కనుక నాకు తగిలిన దెబ్బనే చెబుతాను.

ఒక రంజాన్ నెలలో వచ్చిన ప్రతి గుడ్డా తీసుకున్నాను. కాదంటే గిరాకీ పక్క అంగడికి పోతుందని ఆశ. పండగ ముందు రాత్రి తెల్లవార్లూ కుట్టినా పదకొండు జతలు మిగిలిపోయినాయి. అందులో ఒక పసివాడి కుర్తా ఉంది. వాడు పాత చొక్కాతోనే పండగ నమాజుకు పోయినాడు. వాళ్ళమ్మ కేకలు వేయలేదు. “మీ కుట్టు బాగుంది భాయ్, మీ మాటే బాగలేదు” అని గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు ఆ వీధి నుంచి ఒక్కరూ రాలేదు. నేను కరపత్రాలు అచ్చు వేయించి పంచాను. కొత్తవాళ్ళు కొందరు వచ్చారు గాని, ఆ వీధివాళ్ళు మాత్రం రాలేదు. అప్పుడు తెలిసింది. ప్రచారం మనిషిని ఒకసారి గడప దాకా తెస్తుంది. రెండోసారి తెచ్చేది మన మాటే.

ఆ ఇంటికి పోయి తప్పు ఒప్పుకున్నాను. కూలీ లేకుండా పిల్లవాడికి ఒక జత కుట్టిచ్చాను. రోజుకు ఎన్ని కుట్టగలనో లెక్క వేసుకుని, అది నిండగానే “ఆర్డర్లు బంద్” అని పలక కట్టాను. నష్టమే అనుకున్నాను. రెండేళ్ళకు ఆ వీధి తిరిగి వచ్చింది, అదీ పండగకు నెల ముందే!

మన టమోటా మార్కెట్టును చూడండి. 2023 జూలై చివర్లో కిలో రు.200 దరికి పోయింది, కొన్ని వారాలకే పడిపోయింది. ధర మన చేతిలో లేదు. పెట్టెలో పైన మంచి కాయ, అడుగున చెడు కాయ పెట్టకపోవడం మన చేతిలో ఉంది.

పేరు ఒక్కడి సొత్తు కూడా కాదు. హైదరాబాదు హలీం తయారీదారులు సంఘంగా చేరి, ఎట్లా వండాలో కట్టుబాటు పెట్టుకుని, 2010లో ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు సంపాదించారు. మన వీధిలో ఒకడు తూకంలో మోసం చేస్తే చెడేది వీధి మొత్తం పేరు.

ఖర్చు లేని పనులు కొన్ని చెబుతాను. చీటీ మీద తేదీ, కూలీ రాసివ్వండి. కుప్పంలో మూడు రాష్ట్రాల సరిహద్దు గనుక, బోర్డు మీద తెలుగుతో పాటు తమిళం, కన్నడం కూడా ఉంచండి. ఫోనులో ఎవరైనా చెడుగా రాస్తే కొట్లాటకు పోక, తప్పు దిద్ది జవాబు రాయండి. చుట్టాల చేత పొగడ్తలు రాయించవద్దు. జనం కనిపెట్టేస్తారు.

పుంగనూరు ఆవు పొట్టిదే. అయినా ఆ ఊరి పేరు దేశమంతా మోసింది. మన అంగళ్ళూ చిన్నవే. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే చాలు, మన పేరును గిరాకీలే మోస్తారు.