చలికాలంలో పురుగుల ఇంటికి తక్కువ ఖర్చుతో వెచ్చదనం



మార్గశిర, పుష్య మాసాల్లో చింతామణి, శిడ్లఘట్ట, హోసూరు పక్కల తెల్లవారుజామున చలి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. మనం కంబళి కప్పుకుంటాం. పురుగు మాత్రం ఆకు సరిగా తినదు. చాకీ పురుగులకు 27, 28 డిగ్రీలు, అయిదవ దశలో 24 డిగ్రీలు ఉండాలి. తగ్గితే జ్వరాలు ఆలస్యమై పంట రోజులు, ఆకు ఖర్చు పెరుగుతాయి. చలికి తేమ తోడైతే సున్నపుకట్టు రోగం కూడా రావచ్చు.

నిప్పు పెట్టేముందు, ఉన్న వేడి పోకుండా చూసుకోండి. పెంకుల కింద, రేకుల కింద గోనెపట్టాలు కుట్టి కట్టండి. చాకీకి ఇల్లంతా వేడి చేయనక్కరలేదు. ఒక మూల పట్టాలతో చిన్న గదిలా మరుగు కట్టుకుంటే కొద్ది వేడే చాలు. కరెంటు నిలకడగా ఉన్న ఊళ్లలో విద్యుత్ హీటరే మేలు.

కుంపటి పెట్టేవారు బొగ్గులను బయటే రాజేసి, పొగ పూర్తిగా పోయాకే లోపలికి తేవాలి. పొగ పురుగుకు చెరుపు. కుంపటిని గోనెపట్టాలకు దూరంగా ఉంచండి. వేడికి ఆకు వాడుతుంది కనుక వెడల్పు గిన్నెలో నీళ్లు పెట్టండి. పురుగు జ్వరంలో ఉన్నప్పుడు మాత్రం తీసివేయండి. థర్మామీటరును తట్టల ఎత్తులోనే వేలాడదీయండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కుంపటి ఉన్న గదిలో తలుపులు మూసి ఎవరూ పడుకోవద్దు. “పొగ లేదు కదా సార్” అంటారు. పొగలేని నిప్పు నుంచే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రాత్రి కాపలా ఉండేవారు పక్క వేరేచోట వేసుకోండి. మేతకు లేచినప్పుడు ముందు తలుపు బార్లా తెరిచి, కాసేపాగి లోపలికి వెళ్లండి.