తెలియుట – ఎఱుగుట – వచ్చుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఆంగ్లభాషలో మిక్కిలి వాడుకలోనున్న మాటలలో ‘నో’ యనునది యొకటి. ‘కాదు’ అను నర్థముగల ‘నో’ వేఱు. ఇది ‘తెలియుట’ అను నర్థముగల ‘నో’. చెవికి రెంటికిని భేదము లేదు. వ్రాతలో మాత్రము దీనికి ముందొక కకారము నిలిచియుండును. పూర్వము దానిని పలికెడివారు. పలుకుట మానినను వ్రాయుట మానలేదు.

నిఘంటువు తెఱచినవారు ‘నో’ యనగా ‘తెలియు’ అను మొదటి యర్థమును చూచి పుస్తకము మూసివేయుదురు. చిక్కు అక్కడనే పుట్టును. వార్త విషయమునను, మనుష్యుని విషయమునను, భాష విషయమునను ఆంగ్లేయుడు ఈ యొక్క మాటనే వాడును. తెలుగువా డట్లు వాడడు. వార్త తెలియును; మనుష్యుని ఎఱుగును; భాష వచ్చును.

ఇది తెలుగునకే చెల్లిన విశేషము కాదు. ఉత్తర ఐరోపాలో ఫిన్లండు అను దేశము కలదు. 1809 వఱకు స్వీడనుయొక్కయు, పిమ్మట రష్యాయొక్కయు ఏలుబడిలోనుండి, 1917 డిసెంబరు 6వ తేదీన స్వాతంత్ర్యమును ప్రకటించుకొన్నది. వారి ఫిన్నిష్ భాషకు ఆంగ్లముతో చుట్టఱికము లేదు. తెలుగువలెనే అదియు మాటల చివర ప్రత్యయములు చేర్చుకొను భాష. 1856లో కాల్డ్వెల్ పండితుడు ద్రావిడభాషలకును ఇట్టి భాషలకును సంబంధ ముండవచ్చునని తలచెను గాని, ఆ వాదము నిలువలేదు. పోలిక వేఱు, బంధుత్వము వేఱు. అయినను ఈ విషయమున పోలిక చక్కనిది.

వార్త, లెక్క మున్నగునవి తెలియుటకు ఫిన్నులు ‘తియెత్యా’ అందురు. ‘తియె’ అనగా దారి. దారి తెలిసియుండుటయే ఈ మాటకు మూలార్థమని భాషావేత్తలు చెప్పుదురు. అడవులును సరస్సులును నిండిన దేశములో దారి తెలిసినవాడే తెలిసినవాడు గదా! దీనినుండి పుట్టిన ‘తియెతొ’కు జ్ఞానమని యర్థము. ‘సన’ అనగా మాట, ‘కిర్య’ అనగా పుస్తకము. మూటిని కూర్చి విజ్ఞానసర్వస్వమును ‘తియెతొసనకిర్య’ అందురు.

మనుష్యుని, ఊరిని ఎఱుగుటకు వారి మాట ‘తున్తెఅ’. చలిని, బాధను, సంతోషమును అనుభవించుటకును ఇదియే మాట. ‘ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు’ అను సామెతలోని యెఱుక ఇట్టిది.

భాషగాని ఈతగాని వచ్చుటకు ‘ఒసత’ అందురు. ప్రాచీనాంధ్రమున ‘నేర్చు’ అను క్రియ ఈ పని చేయుచుండెను. పద్యము కంఠస్థమైనచో ఆంగ్లేయుడు ‘హృదయముచేత’ తెలియు ననును. తెలుగువాడు ‘నోటికి’ వచ్చు ననును. ఫిన్నుడు ‘బయటినుండి’ వచ్చు ననును. పద్య మొక్కటియే; దాని నునికిపట్లు మూడు!

ఆంగ్లమునకు మాత్రము ఈ వివేకము పూర్వము లేకపోలేదు. ‘కెన్’ అను వారి మాట నేడు శక్తిని తెలుపుచున్నది గాని, మొదట ‘వచ్చుట’యను నర్థముననే యుండెను. అదియు ‘నో’యు సంస్కృతమున ‘జ్ఞా’ ధాతువునకు జ్ఞాతులు. ‘విద్’ ధాతువునకు సాటియైన ‘విట్’ నేడు చమత్కారమునకే మిగిలినది. తావు ఖాళీ కాగా ‘నో’ యాక్రమించినది.

ఇంత విచారమేల యందురేమో! దస్తావేజు రిజిస్టరు చేయునపుడు, వ్రాసియిచ్చినవాడు ఇతడే యని గుర్తుపట్టి చెప్పు సాక్షులు కావలయును. పేరు తెలిసినంత మాత్రమున ‘ఎఱుగుదును’ అని సంతకము చేసినచో, ఒకని భూమి మఱియొకని పాలగును. అక్కడ తెలియుటకును ఎఱుగుటకును గల భేదము వ్యాకరణ విషయము కాదు. ఒక కుటుంబము కూడు.

ఫిన్లండులో ఎలియాస్ లొన్‌రోత్ అను వైద్యుడు పల్లెలు తిరిగి, గాయకుల నోట పాటలు విని, 1835లో ‘కలెవల’ కావ్యమును ప్రకటించెను. 1866 మొదలు 1880 వఱకు ఫిన్నిష్–స్వీడిష్ నిఘంటువును వెలువరించెను. ఆ నిఘంటువు చదివినవానికి మాటలు తెలియును; పాడినవారి నడుమ కూర్చుండి వినినవాడు మాటల నెఱుగును.

సభ్యులారా! ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బీరువాలు ఊరివారికి తెలియజేయుచున్నవి. అంతవఱకే పుస్తకముల పని. వైద్యగ్రంథము చదివినవానికి వైద్యము రాదు. ఊరి చరిత్ర చదివినవాడు ఊరి నెఱుగడు. తెలిసినదానిని పొరుగువారితో ముచ్చటించి ఎఱుగవలెను. చేతితో చేసి రప్పించుకొనవలెను. నిఘంటువును చేతబట్టిన బాలురు మొదటి యర్థముతో ఆగక చివరివఱకు చదువుదురుగాక!

స్వస్తి.