అడవిలో దెబ్బ తగిలితే ఎవరి చేతికి శిక్షణ?



అడవిలో స్త్రీల శ్రమ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆకు రేట్ల గురించి, అటవీ హక్కుల గురించి నాకన్నా బాగా చెప్పగలవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని నేను ఒక్క విషయానికే పరిమితమవుతాను. అడవిలో ప్రమాదం జరిగినప్పుడు ఆస్పత్రి చేరేలోపు ఏం చెయ్యాలో మనం ఎవరికి నేర్పుతున్నాం, ఎవరికి నేర్పడం లేదు అన్నది. ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పరిశోధన కోసం గోదావరి ఏజెన్సీలో ఒక కోయగూడెంలో ఉన్న రోజులవి. మే నెల, తునికాకు సీజను. తెల్లవారుజామునే ఆడవాళ్ళతో నేనూ ఆకు కోతకి వెళ్ళాను. పొద్దెక్కేసరికి ఒకామెను పాదం మీద రక్తపింజర కరిచింది. అందరూ నా వైపు చూశారు, చదువుకున్నదాన్ని కదా! నా చున్నీ చింపి ఆమె మోకాలి కింద బలంగా బిగించి కట్టాను. చిన్నప్పుడు స్కూల్లో అలాగే చెప్పారు, సినిమాల్లోనూ అదే చూశాం. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చేసరికి మూడు గంటలు, బండి దొరికి ఆస్పత్రి చేరేసరికి మరో రెండు. కట్టు అలాగే ఉంది. ప్రాణం దక్కింది, పాదంలో సగం పోయింది. అందులో విషం చేసిందెంత, నా కట్టు చేసిందెంత అని అడిగితే విడదీసి చెప్పలేనన్నాడు డాక్టరు. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. "నువ్వుండబట్టి బతికాను అక్కా" అంది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

కట్టకూడదని, కొయ్యకూడదని, నోటితో పీల్చకూడదని తర్వాత తెలుసుకున్నాను. మనిషిని నడిపించకూడదు. వాపు రాకముందే మెట్టెలు, కడియాలు తీసెయ్యాలి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కాలికి కర్ర ఆనించి కదలకుండా వదులుగా కట్టాలి, కరిచిన సమయం గుర్తుపెట్టుకోవాలి. కట్లపాము సంగతి ఇంకా మోసం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, గాటు కనపడదు, నొప్పీ పెద్దగా ఉండదు. కనురెప్పలు వాలిపోతున్నాయంటే తరవాత ఆగేది ఊపిరే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల వాళ్ళే. 2030 నాటికి ఈ మరణాల్ని సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ఒక ప్రణాళిక ప్రకటించింది.

పాము ఒక్కటే కాదు. ఇప్పపువ్వు ఏరడానికి ఆడవాళ్ళు చీకటితోనే వెళ్తారు. ఆ పువ్వు కోసమే ఎలుగుబంటీ వస్తుంది. చెట్టు మీంచి పడటం, వడదెబ్బ, గొడ్డలి గాయం, దారిలోనే కాన్పు, ఇవన్నీ ఉన్నాయి. 108 వచ్చేది రోడ్డు ఉన్నంతవరకే.

ఆ తర్వాత నేను రెండు రోజుల శిక్షణకి వెళ్ళాను. అడవుల్లో, కొండల్లో ప్రమాదాల కోసమని ప్రత్యేకంగా పెట్టింది. మామూలు ప్రథమ చికిత్స అంబులెన్సు వస్తుందనే నమ్మకం మీద నడుస్తుంది. ఇది, రాకపోతే ఆ నాలుగైదు గంటలూ మనిషిని ఎలా కాపాడుకోవాలో చెబుతుంది. రక్తం కారే చోట గట్టిగా నొక్కి పట్టుకోవడం, వెన్ను విరిగిందనే అనుమానముంటే నలుగురూ కలిసి ఒక్కసారిగా తిప్పడం, ఊపిరి, నాడి మళ్ళీ మళ్ళీ చూసి రాసుకోవడం, మొయ్యాలా, ఆగాలా నిర్ణయించుకోవడం. విలువైన చదువే, కాదనను. కానీ ముప్పైమందిలో ఆడవాళ్ళం ముగ్గురం. మిగిలినవాళ్ళు ట్రెక్కింగుకి వెళ్ళే యువకులు. బోధన ఇంగ్లీషు, బొమ్మ మగ ఛాతీది. ఆడమనిషి ఊపిరి ఆగితే రవిక విప్పాల్సివస్తే ఏం చెయ్యాలని అడిగాను. నవ్వులు వచ్చాయి, జవాబు రాలేదు. ఇది నవ్వే విషయం కాదు. అమెరికాలో 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో, బహిరంగ స్థలాల్లో గుండె ఆగినవాళ్ళలో చుట్టుపక్కలవాళ్ళు ఛాతీ నొక్కి సాయపడింది మగవాళ్ళలో 45 శాతానికి, ఆడవాళ్ళలో 39 శాతానికి. అక్కడే అలా ఉంటే, చెయ్యి వేస్తే ఏమంటారోనన్న భయం మన దగ్గర ఎంత పని చేస్తుందో మీకు చెప్పనక్కరలేదు.

ఇక చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షను ప్రతి 150 మంది కార్మికులకూ ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలంది. దాని బాధ్యత శిక్షణ సర్టిఫికెట్ ఉన్న మనిషికి అప్పగించాలనీ, పనిగంటల్లో ఆ మనిషి అందుబాటులో ఉండాలనీ అంది. అమలు ఎలా ఉండేదో మనకి తెలుసు, కానీ అడగడానికి ఒక కాగితమైనా ఉండేది. తునికాకు కోసే ఆమెకి ఆ కాగితమూ లేదు. ఆమెకిచ్చేది కూలి కాదు, యాభై ఆకుల కట్టకి ఇంత అని సేకరణ రేటు. కార్మికురాలిగానే లెక్క లేనప్పుడు ఆమె ప్రమాదం పని ప్రమాదం ఎలా అవుతుంది? ఇంట్లో చాకిరీ పని కాదన్న తర్కమే అడవిలోకీ నడిచొచ్చింది.

మా గూడెంలో ఈ శిక్షణ సంగతి ఎత్తినప్పుడు ఒక అవ్వ అడిగిన మొదటి ప్రశ్న: "రెండు దినాల కూలి ఎవరిస్తరు బిడ్డా?" నిజమే. ఉచిత శిక్షణ అని మనం గొప్పగా చెప్పుకునేది ఆమెకి ఉచితం కాదు. కాబట్టి శిక్షణ రోజులకి కూలి కట్టివ్వాలి. సీజనుకి ముందు, మార్చిలోపే జరగాలి. ఏడాదికొకసారి మళ్ళీ చేయించాలి, చేతులు మర్చిపోతాయి. కోయభాషలో, చీర, కర్ర, తాడుతో నేర్పాలి. ఒక్కో కల్లం దగ్గర కనీసం ఇద్దరు స్త్రీలుండాలి, ఒకరికే ప్రమాదం జరగొచ్చు కదా. ఈ ఖర్చు ఆకు కొనే కాంట్రాక్టరు, అటవీశాఖ భరించాలి.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. మీ పీహెచ్‌సీకి వెళ్ళి పాము విషానికి విరుగుడు మందు ఎన్ని వయల్స్ ఉన్నాయో అడగండి. మొదటి డోసుకే 8 నుంచి 10 కావాలి. రాత్రి ఇవ్వగల డాక్టరు ఉన్నారా అనీ అడగండి. జవాబు రాసి తెచ్చుకోండి. డోలీ బయల్దేరేముందు ఏ దారి పట్టాలో గూడెంలో తెలియాలి.