మొదటి రోడ్ బైక్: ఆఫర్ చూసి కాదు, కాలు కొలిచి కొనండి

చాలామంది కామెంట్స్‌లో ఒకటే అడుగుతున్నారు: "అన్నా, వీకెండ్ రైడ్స్‌కి మొదటి రోడ్ బైక్ ఏది తీసుకోవాలి?" ఇవాళ మోడల్ పేరు చెప్పను. నేను చేసిన తప్పు చెప్తాను, అది మీకు ఎక్కువ పనికొస్తుంది.

రోజుకి పది గంటలు ఆఫీసు కుర్చీలో కూర్చుని నడుం నొప్పి తెచ్చుకున్న రోజులవి. సైకిల్ తొక్కుదాం అనుకున్నా. మంచి డిస్కౌంట్ దొరికింది, కానీ స్టాక్‌లో పెద్ద సైజ్ ఒక్కటే ఉంది. "సీటు దించుకుంటే సరిపోతుంది సర్" అన్నారు. సరే అని తెచ్చేశా. సీటు దిగింది గానీ, హ్యాండిల్ దగ్గరకి జరగదు కదా! అరగంట తొక్కితే మెడ పట్టేసేది, అరచేతులు తిమ్మిరెక్కేవి. మూడు నెలలకి అది బాల్కనీలో బట్టలారేసుకునే స్టాండ్ అయిపోయింది. చివరికి సగం ధరకి అమ్మేశా. డబ్బు పోతే పోయింది, "సైకిల్ మన వల్ల కాదులే" అని ఫిక్సయిపోయి రెండేళ్లు మళ్లీ ముట్టుకోలేదు. అది అసలు నష్టం.

అందుకే ఫస్ట్ సైజ్. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడండి. అట్ట పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పైదాకా పెట్టి, దాని పై అంచు నుంచి నేల వరకు కొలవండి. ఆ సెంటీమీటర్లని 0.66తో గుణిస్తే ఫ్రేమ్ సైజ్ సుమారుగా వస్తుంది. 80 వచ్చిందనుకోండి, 53 దగ్గర చూడాలి. ఇది అంచనా మాత్రమే. కంపెనీ సైజ్ చార్ట్ కూడా చూసి, ఒక పావుగంటైనా తొక్కి చూసి కొనండి. రేస్ మోడల్‌లో బాగా వంగాలి. సరదా రైడ్స్‌కి హ్యాండిల్ కాస్త ఎత్తుగా ఉండే ఎండ్యూరెన్స్ మోడల్ బెటర్.

రెండోది టైర్లు. మన గుంతలకి, స్పీడ్ బ్రేకర్లకి 23 మిల్లీమీటర్ల సన్న టైర్ వద్దు. 28 ఉండాలి, 32 పట్టే ఫ్రేమ్ అయితే ఇంకా మంచిది.

మూడోది గేర్లు. ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక పెద్ద చక్రానికి 32 పళ్లు ఉంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మోకాళ్లు మనల్ని తిట్టవు. వెనక 8 గేర్లుండే షిమానో క్లారిస్ మనకి చాలు. ఒక్కటి చూడండి: గేర్ లివర్ బ్రేక్ దగ్గరే ఉందా? కొన్ని చవక మోడల్స్‌లో వేరే చోట ఉంటుంది, గేర్ మార్చాలంటే హ్యాండిల్ నుంచి చెయ్యి తియ్యాలి. ట్రాఫిక్‌లో అది రిస్క్.

బ్రేకులు? వానలో తొక్కేవాళ్లకి డిస్క్ మంచిది. మిగతావాళ్లకి రిమ్ బ్రేక్ తేలిక, రిపేరూ సులువు.

ఇక బడ్జెట్. 50 వేలు ఉంటే మొత్తం సైకిల్ మీదే పెట్టకండి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, పంపు, రెండు ట్యూబులకి ఒక ఆరేడు వేలు పక్కన పెట్టండి. చాలా రోడ్ బైకులకి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. వీధి చివర పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న అడాప్టర్ ఒకటి బ్యాగులో పడేసుకోండి.

హైదరాబాద్ వాళ్లకైతే ఓఆర్ఆర్ పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ ట్రాక్ ఓపెన్ అయింది. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టండి.

ఇప్పుడు నా దగ్గరున్నది మామూలు అల్యూమినియం ఫ్రేమ్. చూసి ఎవరూ వావ్ అనరు. కానీ సరిపోయే సైజ్, అందుకే ప్రతి ఆదివారం బయటికెళ్తుంది. బట్టలు మాత్రం ఇప్పుడు తాడు మీదే ఆరేస్తున్నాం!

మీ కొలత ఎంతొచ్చిందో కామెంట్ పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!