విద్యాప్రవేశములు – న్యాయపు కొలత

భూగర్భ గనులలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దలను అడిగినచో, తట్టలతో బొగ్గు నింపిన దినముల లెక్క యొకటి చెప్పుదురు. కోల్‌ఫిల్లరు కూలి, నిండిన టబ్బులను బట్టి యుండెడిది. ఎన్ని టబ్బులు నింపిన అంత కూలి. చూచుటకు ఇది తిరుగులేని న్యాయమువలె తోచును. కాని బొగ్గు తీయు చోటు అందరికిని ఒకటి కాదు. ఒకనికి టబ్బు నాలుగడుగుల దూరమున నిలిచి యుండును. మరియొకడు తట్ట నెత్తిన పెట్టుకొని, నీటిలోను బురదలోను నడచి, పల్లము నుండి మిట్టకు ఎక్కి టబ్బును చేరవలెను. పొద్దు గ్రుంకిన పిమ్మట టబ్బులను మాత్రమే లెక్కించి, మొదటివాడు సమర్థుడు, రెండవవాడు సోమరి అని తీర్పు చెప్పుట న్యాయము కాదని గనుల వారే గ్రహించిరి. అందుచేత బొగ్గు పరిశ్రమ వేతన నిబంధనలలో తట్ట మోసిన దూరమునకును, ఎక్కించిన ఎత్తునకును విడిగా భత్యము చేర్చిరి. దానికే లీడు, లిఫ్టు అని పేర్లు.

ఈ సంగతిని ముందుగా చెప్పుటకు కారణము కలదు. ఏటేట నీట్ ఫలితములు వెలువడగానే బసంత్‌నగరు సిమెంటు కార్మికుల ఇండ్లలోను, గోదావరిఖని క్వార్టర్లలోను, రామగుండము చుట్టుప్రక్కల గ్రామములలోను ఒకే ప్రశ్న వినబడును: “మా అమ్మాయికి ఇన్ని మార్కులు వచ్చినవి. అంతకంటె తక్కువ వచ్చిన వారికి సీటు దొరకినది. ఇది న్యాయమా?” ఈ ప్రశ్న వేయు తండ్రిని తప్పుపట్టుటకు వీలులేదు. రెండేండ్లు నిద్ర మానుకొని చదివిన బిడ్డ కన్నీరు అతని కన్నుల ఎదుట నున్నది. ఆ ప్రశ్నకు కోపముతో గాక, లెక్కతో సమాధానము చెప్పవలసి యున్నది.

మన ప్రాంతమునకు సంబంధించిన ఉదాహరణమునే తీసికొందము. 2022లో రామగుండమున 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. సింగరేణి సంస్థ ధనసహాయముతో ఏర్పడినందున దానికి సింగరేణి పేరే వచ్చినది. 2023లో ప్రభుత్వము ఆ కళాశాలలో సింగరేణి ఉద్యోగుల బిడ్డలకు అయిదు శాతము సీట్లు ప్రత్యేకించినది. అఖిల భారత కోటాకు పోవు 23 సీట్లను తీసివేయగా మిగిలిన 127లో ఇవి ఏడు సీట్లుగా తేలినవి. సంఖ్య చిన్నదే. కాని సీటు ఎవరికి చెందవలెను, ఏ కారణమున చెందవలెను అను పెద్ద ప్రశ్న యంతయు ఆ ఏడు సీట్లలో ఇమిడి యున్నది.

ఈ వివాదము తెలుగువారికి క్రొత్తది కాదు. 1951 నాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రములో నుండెను. కమ్యూనల్ జి.ఓ. అను ఉత్తరువు ననుసరించి అచటి వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 సీట్లను కులమతముల వారిగా పంచెడివారు. బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, నాటి ఉత్తరువు హరిజనులని పేర్కొన్న దళితులకు 2, ఆంగ్లో ఇండియనులకును భారతీయ క్రైస్తవులకును కలిపి 1, ముస్లిములకు 1. వైద్యవిద్య కోరిన చంపకం దొరైరాజన్, ఇంజనీరింగు కోరిన శ్రీనివాసన్ న్యాయస్థానమును ఆశ్రయించిరి. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. ఆ యేడే పార్లమెంటు రాజ్యాంగమును మొట్టమొదటిసారి సవరించి, వెనుకబడిన తరగతుల అభ్యున్నతికై ప్రత్యేక సదుపాయములు చేయవచ్చునని 15వ అధికరణములో నాలుగవ ఖండమును చేర్చినది. నాటి నుండి నేటివరకు మన చర్చ అంతయు ఆ తీర్పునకును, ఆ సవరణకును నడుమనే సాగుచున్నది.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత జరిగినది ఇంకను బోధకరము. 1966లో ప్రభుత్వము వెనుకబడిన కులముల పట్టిక నొకదానిని ప్రకటించి, వైద్య కళాశాలలలో వారికి సీట్లు కేటాయించినది. ఆ కులముల వెనుకబాటును విచారించి నిరూపించిన ఆధారములు చూపలేదను కారణమున హైకోర్టు దానిని త్రోసిపుచ్చగా, 1968లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయమునే ఖాయపరచినది. అప్పుడు ప్రభుత్వము అనంతరామన్ కమిషనును నియమించినది. ఆ కమిషను విచారణ జరిపి 1970లో నివేదిక సమర్పించినది. దానిని అనుసరించి వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి అని నాలుగు వర్గములుగా విభజించి, వరుసగా 7, 10, 1, 7 చొప్పున మొత్తము 25 శాతము కేటాయించిరి. 1972లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. కొలువక చెప్పిన దూరము నిలువలేదు. కొలిచి చెప్పిన దూరము నిలిచినది. ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తెలియవలసిన నీతి ఇదియే.

దూరము కులమువలననే గాక ప్రాంతమువలన కూడ ఏర్పడును. 1969లో తెలంగాణమందును, 1972లో ఆంధ్ర ప్రాంతమందును చెలరేగిన ఉద్యమముల పిమ్మట, 1973లో ఆరు సూత్రముల పథకము వచ్చినది. 1974లో రాష్ట్రపతి ఉత్తరువు వెలువడి, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయముల పరిధులను స్థానిక ప్రాంతములుగా నిర్ణయించినది. 85 శాతము సీట్లు స్థానికులకు చెందవలెనని శాసించినది. నాడు రామగుండము బడిలో చదివిన పిల్లవాడు ఉస్మానియా ప్రాంతపు స్థానికుడుగా కళాశాల మెట్లెక్కినాడు. కులమును బట్టి సీటు కూడదనువారు సయితము ప్రాంతమును బట్టి లభించిన ఈ రక్షణను వలదని అన్నట్లు వినము. మనకు మేలుచేయు భత్యమును హక్కనియు, ఎదుటివానికి మేలుచేయు దానిని దయయనియు పిలుచుట మానవ సహజమైన బలహీనత.

ఈ బలహీనత సముద్రములు దాటినను విడువదు. మన కరీంనగరు, పెద్దపల్లి ప్రాంతముల బిడ్డలు నేడు అమెరికాలో అనేక నగరములలో స్థిరపడినారు. వారి సంతానము అచటి ప్రసిద్ధ విశ్వవిద్యాలయములకు దరఖాస్తు చేయునపుడు ఆసియా సంతతి అను గడిలో చేరును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ వైద్య కళాశాల ఒకప్పుడు 100 సీట్లలో 16 సీట్లను అల్పసంఖ్యాక వర్గములకు ప్రత్యేకించెను. 1978లో బాకీ అను శ్వేతజాతి అభ్యర్థి వ్యాజ్యమున అచటి సుప్రీంకోర్టు అట్టి సంఖ్యా నియమము కూడదనినది. కాని అభ్యర్థి జాతిని అనేక అంశములలో ఒకటిగా గమనింపవచ్చునని సమ్మతించినది. ఆ సమ్మతియు 2023 జూన్ 29న ముగిసినది. హార్వర్డు, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయములపై వచ్చిన వ్యాజ్యములలో, జాతిని బట్టి ప్రవేశము నిర్ణయించుట చెల్లదని కోర్టు తీర్పు చెప్పినది. చదువులో ముందున్న ఆసియా సంతతి పిల్లలకు వ్యక్తిత్వపు అంచనాలో హార్వర్డు తక్కువ విలువ కట్టుచున్నదని వాదులు ఆరోపించిరి. విశ్వవిద్యాలయము ఆ యారోపణను అంగీకరింపలేదు.

ఆ ఆరోపణలోని వేదన అర్థము కానిది కాదు. బిడ్డ వ్యక్తిత్వమునకు తెర చాటున మార్కులు వేసినచో ఏ తల్లి సహించును? కాని తీర్పు ముట్టని విషయ మొకటి కలదు. పూర్వవిద్యార్థుల సంతానమునకును, దాతల సంతానమునకును అట్టి కళాశాలలు చూపుచు వచ్చిన ప్రాధాన్యమును ఆ తీర్పు నిషేధింపలేదు. వెనుకనుండి నడచి వచ్చినవానికి ఇచ్చిన భత్యము పోయినది. టబ్బు ప్రక్కనే పుట్టినవానికి లభించు అనుకూలమును నిషేధించు మాట అందు లేదు. ఒకే కుటుంబములో పెద్దన్న ఇచట స్థానికతను కోరును. తమ్ముడు అచట మార్కులు తప్ప వేరేమియు చూడవలదనును. ఇద్దరును న్యాయము పేరుననే వాదింతురు.

జాతి పేరు, కులము పేరు ఎత్తకయే దూరమును కొలుచుటకు ప్రయత్నములు జరిగినవి. టెక్సాసు రాష్ట్రములో 1997లో ఒక శాసనము చేసిరి. ప్రతి ఉన్నత పాఠశాలలోను మొదటి పదిశాతము స్థానములలో నిలిచిన పిల్లలకు ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ప్రవేశము లభించునట్లు నిర్ణయించిరి. పేదల పేటలోని బడి యైనను, ధనికుల పేటలోని బడి యైనను, ఆ బడిలో ఎవరు ముందు నిలిచిరో చూతురు. మన గోదావరి తీరమున బాసరలో 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి ఫలితములనే ప్రాతిపదికగా గ్రామీణ బాలబాలికలను చేర్చుకొన్నది. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి, పదింటికి లెక్కించిన సగటునకు 0.4 కలిపినారు. ఈ 0.4 అను అంకెయే చదువులో లీడు, లిఫ్టు. అది గుప్తదానము కాదు. అందరును చూడదగిన అంకె.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును: “రోగి ప్రాణము పోయునపుడు వైద్యుడు నడచి వచ్చిన దూరముతో పని యేమి?” సరియైన ఆక్షేపణయే. గనిలో కూడ దూరమునకు భత్యము ఇచ్చిరి గాని, బొగ్గునకు బదులు రాళ్ళు నింపిన టబ్బును అంగీకరింపలేదు. వైద్య కళాశాలలోను అంతే. లోనికి వచ్చు ద్వారములు వేరైనను బయటికి పోవు ద్వారము ఒక్కటే. శరీరశాస్త్రము, ఔషధశాస్త్రము, శస్త్రచికిత్స — ఏ సీటు పొందినవాడైనను ఆ పరీక్షలలోనే ఉత్తీర్ణుడు కావలెను. అచట సడలింపు కూడదు.

రెండవ ఆక్షేపణ ఇంకను బరువైనది. ఒకనాడు దూరముగా నున్నవాడు ఎల్లకాలము దూరముననే యుండునా? ఉండడు. పని ముఖము జరిగిన కొలది దూరమును మరల కొలువవలెను. వెనుకబడిన తరగతులలోని సంపన్న శ్రేణిని వేరుచేయవలెనని 1992లో సుప్రీంకోర్టు చెప్పినది ఇందుకే. షెడ్యూల్డు కులములలో అందరికంటె వెనుకనున్నవారికి వాటా అందుట లేదని 1994 నుండి మాదిగ దండోరా ఉద్యమము ఘోషించినది ఇందుకే. నాటి రాష్ట్రము చేసిన వర్గీకరణ శాసనమును 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఇరువది సంవత్సరముల పిమ్మట, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వర్గీకరణ చెల్లునని తీర్పు చెప్పినది. 2025లో తెలంగాణ ప్రభుత్వము 59 షెడ్యూల్డు కులములను మూడు వర్గములు చేసి, 15 శాతమును 1, 9, 5 చొప్పున పంచినది. అగ్రవర్ణ పేదలకు 2019 రాజ్యాంగ సవరణ పది శాతము వరకు అవకాశము కల్పించినది. వీటిలో దేనినైనను విమర్శింపవచ్చును. అన్నియు ఒక యత్నమునకు చెందినవే: దూరమును మరల కొలుచుట.

ఇక మన ఏడు సీట్ల వద్దకు తిరిగి వత్తము. ముగ్గురు బాలికలను ఊహించుకొందము. ఒకతె సింగరేణి ఉద్యోగి కుమార్తె. కంపెనీ క్వార్టరు, నెలనెల జీతము, ఆసుపత్రి కలవు. తండ్రి భూమి క్రింద ప్రాణమును ఒడ్డి పనిచేసినాడు గావున ఆమెకు వాటా ఉండుట న్యాయమే. రెండవ ఆమె అదే గనిలో కాంట్రాక్టు కూలి కుమార్తె. మూడవ ఆమె కుటుంబము ఓపెన్‌కాస్టు క్రింద పొలమును, ఇంటిని కోల్పోయి వేరొక చోట గుడిసె వేసికొన్నది. ఈ ముగ్గురిలో ఎవరి తట్ట ఎక్కువ దూరము మోయబడినది? బొగ్గుకై త్యాగము చేసినవారికి ఆ కళాశాలలో వాటా ఉండవలెనన్నచో, ఆ త్యాగమును జీతపు చీటీతో మాత్రమే కొలువరాదు. సీటు పొందిన బిడ్డలు ఏ బడిలో చదివిరి, తల్లిదండ్రుల వృత్తి యేమి అను వివరములను, పేర్లు లేకుండ, ఏటేట ప్రకటించినచో దూరము సరిగా కొలువబడినదో లేదో ప్రజలే తెలిసికొందురు.

చివరకు ఒక మాట. భత్యము అవసరమే, కాని అది ముగింపు కాదు. గనిలో తెలిసిన అధికారి ఏమి చేయును? పని ముఖము ముందునకు సాగినకొలది టబ్బు పట్టాలను కూడ ముందునకు వేయించును. దూరమునకు కూలి చెల్లించుచునే, దూరమును తగ్గించును. గ్రామపు ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుడు, ప్రభుత్వ జూనియరు కళాశాలలో పనిచేయు ప్రయోగశాల, బాలికకు భయములేని ప్రయాణము — ఇవియే ఆ పట్టాలు. అవి బసంత్‌నగరు ముంగిటి వరకు వచ్చిన నాడు, మార్కులే చాలునని చెప్పుటకు మనకు అర్హత కలుగును. అంతవరకు, సీటు దొరకని బిడ్డను ఓదార్చుదము. సీటు దొరకిన బిడ్డ ఎంత దూరము నడచి వచ్చినదో అడిగి తెలిసికొందము. ఆ మాట అడుగకయే ఆమె యోగ్యతను శంకింపకుందము.